నిద్రకు ముందే తేలిపోయే మేల్కొలుపు

మౌస్ కదిపితే తెర వెలగదు. కీబోర్డు మీద ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. విసిగి పవర్ బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగనట్టే కంప్యూటర్ లేచి కూర్చుంటుంది. తెరిచి పెట్టిన ఫైళ్లన్నీ తెరిచినట్టే ఉంటాయి. స్లీప్ మోడ్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చికాకు ఇది. దీనికి మామూలుగా దొరికే సలహాలు మూడు: డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి, పోర్టు మార్చండి, కీబోర్డు మార్చండి. మూడింట్లో ఏదో ఒకటి అప్పుడప్పుడు పనిచేస్తుంది కాబట్టే అవి ఇన్నేళ్లుగా చలామణీలో ఉన్నాయి. అయితే పనిచేసినప్పుడు ఎందుకు పనిచేసిందో, చేయనప్పుడు ఎందుకు చేయలేదో ఆ సలహాలు చెప్పవు. ఈ వ్యాసం వాదించేది ఒక్కటే. కంప్యూటర్‌ను ఎవరు లేపవచ్చు, ఎంత లోతు నిద్ర నుంచి లేపవచ్చు అన్నది అది పడుకోకముందే నిర్ణయమైపోతుంది. మీట నొక్కిన క్షణంలో జరిగేది ఆ నిర్ణయం అమలు కావడం మాత్రమే. కాబట్టి లోపాన్ని అది పడుకున్న వేళ దగ్గర వెతకాలి. లేవని వేళ దగ్గర వెతికితే దొరకదు.

ఏర్పాటు ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఏపీఎం పద్ధతిలో కరెంటు పొదుపు పెత్తనం చాలావరకు బయోస్‌ది. ఎంతసేపు ఖాళీగా ఉంటే పడుకోవాలి, ఏ భాగాన్ని ఆపాలి అన్నవి అదే చూసుకునేది. ఏ ప్రోగ్రామ్ ఏ పని మధ్యలో ఉందో మాత్రం దానికి తెలిసేది కాదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణం ఈ పెత్తనాన్ని తిరగేసింది. నిర్ణయాధికారం ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్లింది. బోర్డు మీద ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ పరికరం ఏ సైగతో లేపగలదో చెప్పే పట్టికలను మాత్రం బోర్డు తయారీదారు ఫర్మ్‌వేర్‌లో రాసి ఇవ్వాలి. 2013లో ఈ ప్రమాణం బాధ్యత యూఈఎఫ్ఐ ఫోరం చేతికి వచ్చింది. ఈ పంపకం వల్ల మేలూ జరిగింది, ఇవాళ్టి చిక్కూ వచ్చింది. బోర్డు తెలిసినవాడు ఒకడు, నిర్ణయం తీసుకునేవాడు మరొకడు అయినప్పుడు మొదటివాడు రాసిచ్చిన కాగితంలో తప్పుంటే రెండోవాడు ఆ తప్పునే నమ్ముకుని నడవాలి.

ఏసీపీఐ లెక్కలో నిద్రకు మెట్లున్నాయి. ఎస్0 అంటే మెలకువ. ఎస్3లో ప్రాసెసర్‌కు కరెంటు ఆగిపోతుంది. ర్యామ్ మాత్రం తనలోని సమాచారాన్ని నిలుపుకోవడానికి చాలినంత కరెంటుతో బతికి ఉంటుంది. ఎస్4లో ఆ సమాచారం డిస్కులోకి వెళ్తుంది, దాన్నే హైబర్నేషన్ అంటాం. ఎస్5 అంటే షట్‌డౌన్. డెస్క్‌టాప్‌లో ఈ మెట్లన్నిట్లోనూ పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వచ్చే ఊదారంగు తీగ ఒకటి బతికే ఉంటుంది. గోడ స్విచ్‌లో కరెంటు ఉన్నంతసేపు అది 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా ఇస్తూ ఉంటుంది. లేపమనే పిలుపును వినే చెవి ఏదైనా దాని మీదే బతకాలి. ఇక్కడ మరిచిపోకూడని సంగతి ఏమిటంటే ఎస్3లో విండోస్ గానీ లినక్స్ గానీ నడవడం లేదు. నడవని సాఫ్ట్‌వేర్‌కు మనం మీట నొక్కామని తెలిసే దారి లేదు. తెలుసుకునేది చిప్‌సెట్‌లోని చిన్న సర్క్యూటు. ఎవరి పిలుపుకు పలకాలో, ఎవరిని పట్టించుకోనక్కర్లేదో ఆపరేటింగ్ సిస్టమ్ పడుకునే ముందే దానికి చెప్పి పోతుంది. ఊరెళ్లేవాళ్లు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఫలానావాళ్లు వస్తే ఇవ్వండని చెప్పి వెళ్లినట్టు. చెప్పని పేరుతో వచ్చినవాళ్లు నిజంగా చుట్టాలే అయినా తలుపు తెరుచుకోదు.

ఈ అప్పగింతలు ఎంత వరసగా జరుగుతాయో యూఎస్‌బీ కీబోర్డుతో చూడవచ్చు. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం లైను మీద 3 మిల్లీసెకండ్ల పాటు ఏ కదలికా లేకపోతే పరికరం సస్పెండ్ స్థితికి వెళ్లాలి, ఆ స్థితిలో 2.5 మిల్లీఆంపియర్లకు మించి కరెంటు లాగకూడదు. నిద్రలోంచి లేపగల సామర్థ్యం తనకుందని పరికరం తన వివరాల పట్టికలో ఒక బిట్ ద్వారా ముందుగానే చెప్పుకోవాలి. దాన్నే రిమోట్ వేకప్ అంటారు. చెప్పుకుంటే చాలదు. సరే, అవసరమైతే లేపు అని కంప్యూటర్ ఒక ఆజ్ఞతో ఆ సామర్థ్యాన్ని ఆన్ చెయ్యాలి. ఆ ఆజ్ఞ అందిన కీబోర్డే మీట నొక్కినప్పుడు 1 నుంచి 15 మిల్లీసెకండ్ల పాటు లైను మీద సైగ పంపుతుంది. ఆజ్ఞ అందని కీబోర్డు ఎంత మంచిదైనా, ఎంత ఖరీదైనదైనా మౌనంగా ఉండిపోతుంది. మౌనంగా ఉండమన్నది ప్రమాణమే. అంటే లేపని కీబోర్డు చాలాసార్లు చెడిపోయిన కీబోర్డు కాదు, చెప్పిన మాట వింటున్న కీబోర్డు.

కీబోర్డు పంపిన సైగకు ముందున్న దారి ఇంకా పొడవు. మధ్యలో హబ్ ఉంటే అది సైగను పైకి అందించాలి. పోర్టును నడిపే యూఎస్‌బీ కంట్రోలర్ తాను కునుకు తీస్తూ కూడా ఆ సైగను పట్టి, పవర్ మేనేజ్‌మెంట్ ఈవెంట్ అనే కబురుగా చిప్‌సెట్‌కు చేర్చాలి. చిప్‌సెట్‌లో ఆ కబురుకు కేటాయించిన గడి తెరిచి ఉండాలి. ఏ కంట్రోలర్‌కు ఏ గడి, ఏ మెట్టు నిద్ర వరకు అది లేపగలదు అన్న రెండు సంగతులూ ఫర్మ్‌వేర్ పట్టికల్లో పీఆర్‌డబ్ల్యూ అనే చోట రాసి ఉంటాయి. అక్కడ ఎస్3 వరకే అని రాసి ఉంటే ఎస్4 నుంచి లేపించడం విండోస్ వల్లా కాదు, లినక్స్ వల్లా కాదు. ఇలా పరికరం, హబ్, కంట్రోలర్, ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ అనే అయిదుగురు సంతకాలు పెడితేనే మేల్కొలుపు చెల్లుతుంది. ఒక్క సంతకం తక్కువైనా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే, తెర నల్లగా ఉండటం. అయిదు వేర్వేరు లోపాలకు ఒకటే లక్షణం ఉన్నప్పుడు గుడ్డిగా ఒక భాగం మార్చి చూడటం గవ్వలాట అవుతుంది.

మరి పవర్ బటన్ ఎప్పుడూ ఎందుకు పనిచేస్తుంది? అది ఈ దారిలో రాదు కాబట్టి. ఏసీపీఐలో పవర్ బటన్‌కూ, బోర్డు మీది గడియారంలోని అలారానికీ చిప్‌సెట్‌లో సొంత గడులు ఉన్నాయి. యూఎస్‌బీతో వాటికి పనిలేదు. ల్యాప్‌టాప్‌లో మూత తెరిచినప్పుడు అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్, సొంత కీబోర్డు కూడా చాలావరకు ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిప్ గుండా పోతాయి. అందుకే సొంత కీబోర్డుతో లేచే ల్యాప్‌టాప్ పక్కన తగిలించిన కీబోర్డుకు లేవకపోవచ్చు. ఈ తేడాయే పరిశీలనకు మొదటి పనిముట్టు. లినక్స్‌లో ఆర్‌టీసీవేక్ అనే ఆజ్ఞతో ఒక్క నిమిషం తర్వాత లేవమని చెప్పి పడుకోబెట్టవచ్చు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌లో నిద్ర లేపి చెయ్యవలసిన పనిని పెట్టవచ్చు, వేక్ టైమర్లకు అనుమతి ఉంటే చాలు. గడియారానికి లేచిన యంత్రం కీబోర్డుకు లేవకపోతే లోపం యూఎస్‌బీ దారిలో ఉన్నట్టు. గడియారానికి కూడా లేవకపోతే లోపం నిద్రలోనే ఉంది, కీబోర్డును ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

ఈ పరీక్షకు తోడు మరో తేడాను మొదట్లోనే తేల్చుకోవాలి: యంత్రం లేవలేదా, లేచి కూడా తెర వెలిగించలేదా? రెండూ నల్ల తెరే. కానీ మీట నొక్కాక ఫ్యాను తిరిగితే, క్యాప్స్ లాక్ నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే, అదే నెట్‌వర్కులోని మరో యంత్రం పింగ్ చేస్తే బదులిస్తుంటే, కంప్యూటర్ లేచినట్టే. అప్పుడు చూడవలసినవి గ్రాఫిక్స్ డ్రైవర్, మానిటర్, కేబుల్. ఫిర్యాదు ఒకటే మాటల్లో వస్తుంది గనుక ఈ రెండు జబ్బులకూ ఒకటే మందు ఇవ్వడం పరిపాటి అయింది. డ్రైవర్ అప్‌డేట్ సలహాకు ఉన్న పేరులో కొంత ఇక్కణ్నుంచే వచ్చి ఉండాలి. తెర వెలిగించలేని జబ్బుకు కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ నిజంగా మందు అవుతుంది. కీబోర్డుకు అనుమతి లేని జబ్బుకు దానితో సంబంధం లేదు.

అనుమతుల చిట్టా చూడటానికి ఆపరేటింగ్ సిస్టమ్‌లే దారి ఇచ్చాయి, వాడేవాళ్లే తక్కువ. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ ఆజ్ఞకు డివైస్‌క్వెరీ అని జోడించి మూడు రకాలుగా అడగవచ్చు. ఎస్3 నుంచి లేపగల శక్తి ఎవరికి ఉంది, వాళ్లలో మనం అనుమతి ఇవ్వగలిగినవాళ్లు ఎవరు, ప్రస్తుతం అనుమతి ఉన్నవాళ్లు ఎవరు. మూడో జాబితాకు వేక్ ఆర్మ్‌డ్ అని పేరు. కీబోర్డు మొదటి జాబితాలోనే లేకపోతే లోపం హార్డ్‌వేర్‌లోనో ఫర్మ్‌వేర్‌లోనో ఉంది. రెండో జాబితాలో ఉండి మూడోదాంట్లో లేకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి ఒక టిక్కు పెడితే పని అయిపోతుంది. మూడింట్లోనూ ఉండి లేపకపోతే అప్పుడు కేబుల్, హబ్, పోర్టు, పరికరం మీదికి అనుమానం న్యాయంగా మళ్లుతుంది. ఒక మెలిక ఉంది. ఎక్కువ బటన్లున్న మౌస్‌లు, గేమింగ్ కీబోర్డులు ఈ జాబితాలో ఒక్క పరికరమే అయినా రెండు మూడు పేర్లతో కనిపిస్తాయి. ఒక పేరుకు టిక్కు పెట్టి మరో పేరును వదిలేస్తే ఫలితం ఉండకపోవచ్చు.

లినక్స్‌లో ఇదే చిట్టా రెండు అంతస్తుల్లో ఉంటుంది. ప్రాక్ ఏసీపీఐ వేకప్ అనే ఫైలులో కంట్రోలర్ల స్థాయి అనుమతులు ఉంటాయి. యూఎస్‌బీ కంట్రోలర్ అక్కడ తరచు ఎక్స్‌హెచ్‌సీ అన్న పేరుతో కనిపిస్తుంది. విడివిడి పరికరాల అనుమతులు సిస్ ఫోల్డర్‌లో ఒక్కోదానికి పవర్ వేకప్ అనే ఫైలులో ఉంటాయి. కింది అంతస్తులో కీబోర్డుకు ఎనేబుల్డ్ అని ఉన్నా పై అంతస్తులో కంట్రోలర్‌కు డిజేబుల్డ్ అని ఉంటే పిలుపు మధ్యలోనే ఆగిపోతుంది. కీబోర్డుకు లినక్స్ తనంత తానే అనుమతి ఇస్తూ వచ్చింది, మౌస్‌కు చాలాకాలం అలా ఇవ్వలేదు. అందువల్ల కీబోర్డుకు లేచి మౌస్‌కు లేవని లినక్స్ యంత్రాన్ని చూసి మౌస్ పాడైందనుకోవడం తొందరపాటు. చేత్తో మార్చిన ఈ అనుమతులు యంత్రాన్ని తిరిగి బూట్ చేస్తే పోతాయి, శాశ్వతంగా ఉండాలంటే పరికరాల అమరికలు చూసుకునే యూడెవ్‌లో నియమంగా రాయాలి. నిన్న బాగుచేసింది ఇవాళ మళ్లీ మొదటికొచ్చిందని బాధపడేవాళ్లలో కొందరి కథ ఇంతే.

కరెంటు విషయానికి వస్తే ఒక దురభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. పడుకున్న కంప్యూటర్‌కు తగిలించిన మౌస్ కింద ఎర్రదీపం వెలుగుతోందంటే అది లేపగలదని చాలామంది నమ్ముతారు. ఫోన్ ఛార్జింగ్ కోసం కొన్ని పోర్టులకు నిద్రలోనూ కరెంటు ఇస్తారు. ఆ కరెంటుకూ లేపే అనుమతికీ సంబంధం లేదు. దీపం లేకపోతే మాత్రం చూడవలసింది ఉంది. ఐరోపా సంఘం 2008లో చేసిన 1275 నంబరు నిబంధన ప్రకారం ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే పరికరాలు ఆఫ్ చేసిన స్థితిలో లాగే కరెంటు 2010 నుంచి 1 వాట్, 2013 నుంచి అర వాట్ దాటకూడదని ఉండేది. ఆ హద్దులో ఉండటానికి తయారీదారులు బయోస్‌లో ఈఆర్‌పీ అనో డీప్ స్లీప్ అనో ఒక మీట పెట్టారు. బోర్డులు ప్రపంచమంతటికీ ఒకే అచ్చులో తయారవుతాయి కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్న బోర్డులోనూ ఆ మీట ఉండవచ్చు. అది ఆన్‌లో ఉంటే ఎస్4, ఎస్5 స్థితుల్లో పోర్టులకూ నెట్‌వర్కు కార్డుకూ స్టాండ్‌బై కరెంటు ఆగిపోతుంది. మామూలు నిద్రకు దాని దెబ్బ తగలకపోవచ్చు గానీ పడుకున్న కొన్ని గంటలకు విండోస్ తనంతట తాను ఎస్3 నుంచి ఎస్4కు జారిపోయేలా అమరిక ఉంటే తగులుతుంది. భోజనం చేసి వచ్చేసరికి మౌస్‌కు లేచే యంత్రం మర్నాడు పొద్దున లేవదు. మౌస్ ఒకటే, వేలు ఒకటే, మారింది నిద్ర లోతు. ఎంతసేపటికి లేవడం మానేస్తోంది అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ సగం వైద్యం చేసేస్తుంది.

వైరు లేని పరికరాల్లో రెండు జాతులు ఉన్నాయి, బయటికి ఒకేలా ఉంటాయి గాని లోపల వేరు. చిన్న రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ కీబోర్డు విషయంలో కంప్యూటర్‌కు కనిపించేది ఆ రిసీవరే. అది యూఎస్‌బీ కీబోర్డుగా పరిచయం చేసుకుంటుంది గనుక పైన చెప్పిన లెక్కలన్నీ దానికి వర్తిస్తాయి. బ్లూటూత్ కీబోర్డుకు అలాంటి ప్రతినిధి లేదు. కంప్యూటర్‌లోని బ్లూటూత్ రేడియో నిద్రలోనూ మెలకువగా ఉండి, జత కట్టిన కీబోర్డును గుర్తుపట్టి, తన తరఫున లేపాలి. ఎస్3లో ఆ రేడియోకు కరెంటు తీసేసే యంత్రాలు ఉన్నాయి, వాటిలో బ్లూటూత్ కీబోర్డుతో లేపాలని చూడటం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పైగా బ్యాటరీ పొదుపు కోసం కీబోర్డు కూడా పడుకుంటుంది. మొదటి మీట దాన్ని లేపడానికే ఖర్చవుతుంది. నిద్రలోంచి లేపడమే ముఖ్యమైన చోట వైరు కీబోర్డు గానీ రిసీవర్ కీబోర్డు గానీ వాడమని చెప్పడం పాతకాలపు పట్టుదలగా కనిపించవచ్చు. దాని వెనక ఉన్నది ఈ లెక్క.

నెట్‌వర్కు ద్వారా లేపే పద్ధతి, అంటే వేక్ ఆన్ ల్యాన్, ఇదే వాదాన్ని మరింత స్పష్టంగా నిరూపిస్తుంది. మ్యాజిక్ ప్యాకెట్ అనే ఆ కబురులో మొదట ఆరు బైట్ల నిండా ఒకట్లు, తర్వాత లేపవలసిన కార్డు మ్యాక్ చిరునామా పదహారు సార్లు, మొత్తం 102 బైట్లు ఉంటాయి. ప్రాసెసర్ నిద్రలో ఉండగా ఆ వరసను గుర్తుపట్టేది నెట్‌వర్కు కార్డు ఒక్కటే. విండోస్ 8తో 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ దీనికి అడ్డుపడింది. ఆ అమరికలో షట్‌డౌన్ నొక్కితే యంత్రం పూర్తిగా ఆగిపోదు, లోపలి భాగం ఎస్4 లాంటి స్థితిలో దాచబడుతుంది; అలా ఆగేటప్పుడు నెట్‌వర్కు కార్డును లేపడానికి సిద్ధం చెయ్యకూడదని మైక్రోసాఫ్ట్ కావాలనే నిర్ణయించింది. కేబుల్ బాగుంది, కార్డు బాగుంది, ప్యాకెట్ సరిగానే వెళ్లింది, అయినా లేవదు. నిర్ణయం నిన్న రాత్రి షట్‌డౌన్ నొక్కినప్పుడే జరిగిపోయింది. పడుకోబెట్టిన వెంటనే పంపితే పనిచేసి గంట తర్వాత పనిచేయని కేసులు ఇంకో రకం. పడుకున్న యంత్రం చిరునామాను రౌటర్ కాసేపే గుర్తుంచుకుంటుంది, మరిచిపోయాక నేరుగా పంపిన ప్యాకెట్ ఎక్కడికి వెళ్లాలో తెలియక ఆగిపోతుంది. ఆ నెట్‌వర్కులోని అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్‌గా పంపడం దానికి విరుగుడు. కరెంటు కోతలు ఉండే ఊళ్లలో మరో ముడి కూడా పడుతుంది. గోడ దగ్గరే కరెంటు పోతే స్టాండ్‌బై పోతుంది, కొన్ని బోర్డుల్లో కార్డుకు ఇచ్చిన అప్పగింతలు దాంతోపాటే పోతాయి. మళ్లీ ఒకసారి బూట్ అయ్యేదాకా ఆ యంత్రం దూరం నుంచి పిలుపుకు అందదు. ఊళ్లో ఇంటి కంప్యూటర్‌ను బెంగళూరు నుంచో డల్లాస్ నుంచో లేపి వాడుకోవాలనుకునేవాళ్లకు యూపీఎస్ అందుకే విలాసం కాదు.

ఇదంతా పాతబడిన ఎస్3 కథ కదా, ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో అది లేనే లేదు కదా అనే ఆక్షేపణకు బలం ఉంది. 2012లో కనెక్టెడ్ స్టాండ్‌బైగా మొదలై విండోస్ 10తో మోడర్న్ స్టాండ్‌బైగా మారిన పద్ధతిలో యంత్రం ఎస్0లోనే ఉంటుంది. భాగాలన్నీ ఒక్కొక్కటిగా కునుకులోకి వెళ్తాయి, అంతే. నిద్రపోయేవాణ్ణి లేపవచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేమని మన సామెత. ఇక్కడ అది తలకిందులైంది. నిద్ర నటిస్తున్న ఈ యంత్రాన్ని సూత్రరీత్యా ఏ చిన్న కదలికైనా లేపగలదు. లినక్స్‌లో దీనికి సమానమైన ఎస్2ఐడిల్ స్థితిలో మామూలు ఇంటరప్టులు పంపగలిగిన ఏ పరికరాన్నైనా లేపేదానిగా అమర్చుకోవచ్చు. కానీ లేపగలగడం వేరు, లేపనివ్వడం వేరు. ఏ కదలికకు తెర వెలిగించాలి, దేన్ని లోలోపలే చూసుకుని తిరిగి పడుకోవాలి అన్న విధానం ఇప్పుడు విండోస్ లోపలికి చేరింది. అలాంటి కొన్ని ల్యాప్‌టాప్‌లలో డివైస్ మేనేజర్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ పేజీ కూడా కనిపించదు. అంటే ముందే జరిగే నిర్ణయం పోలేదు, మన చేతికి అందే చోటు నుంచి పోయింది. పవర్‌సీఎఫ్‌జీకి ఏ అని జోడించి అడిగితే తన దగ్గర ఏయే రకాల నిద్రలు ఉన్నాయో యంత్రమే చెబుతుంది. ఎస్3 లేని యంత్రం మీద ఎస్3 కాలం నాటి సలహాలు ప్రయోగించి కాలం వృథా చేసుకోకుండా ఉండటానికి అది మొదటి మెట్టు.

రెండో ఆక్షేపణ వాడుకరిది. ఇంత తర్కం ఎందుకు, మూడు నాలుగు వందలు పెట్టి కొత్త కీబోర్డు కొంటే బాగవుతోంది కదా? బాగవుతుంది, కొన్నిసార్లు. అయితే కొత్త కీబోర్డు తగిలించినప్పుడు మారేది కీబోర్డు ఒక్కటే కాదు. విండోస్ దాన్ని కొత్త పరికరంగా నమోదు చేసుకుంటుంది, దాని అనుమతులు మొదటి స్థితిలో ఉంటాయి. కీబోర్డులకు సాధారణంగా ఆ మొదటి స్థితి లేపవచ్చు అనే. పాతదాని నమోదులో ఎప్పుడో తీసేసిన టిక్కు దీనికి అంటదు. పోర్టు మార్చినప్పుడూ అంతే. సీరియల్ నంబరు చెప్పని పరికరాన్ని వేరే పోర్టులో పెడితే విండోస్‌కు అది మరో పరికరం. కాబట్టి పోర్టు మార్చగానే పనిచేసిందంటే పాత పోర్టు చెడిపోయిందని రుజువు కాలేదు, పాత కీబోర్డు పారేయాల్సినదని రుజువు కాలేదు. రెండు సంగతులు ఒకేసారి మార్చిన పరీక్ష ఏ ఒక్కదాన్నీ నిరూపించదు. ఆ కీబోర్డు పారేసి కొత్తది కొన్న మనిషికి డబ్బు నష్టం కొద్దిగానే. వంద కంప్యూటర్లున్న కాలేజీ ల్యాబుకు అదే తర్కం వర్తిస్తే నష్టం కొద్దిగా ఉండదు.

మూడో ఆక్షేపణ మరింత సూటిది: అసలు పడుకోబెట్టడమే మానేస్తే పోలేదా? చాలా ఆఫీసుల్లో చివరికి జరిగేది అదే. లేవదేమోనన్న భయంతో నిద్ర అమరికనే తీసేస్తారు. దీని ఖరీదును లెక్క వేయవచ్చు. ఖాళీగా మెలకువలో ఉన్నప్పటికీ, నిద్రలో ఉన్నప్పటికీ తేడా 40 వాట్లు అనుకుందాం. రోజుకు 16 గంటలు ఎవరూ వాడని డెస్క్‌టాప్ ఆ లెక్కన రోజుకు 0.64 యూనిట్లు, నెలకు సుమారు 19 యూనిట్లు వృథా చేస్తుంది. వంద యంత్రాల ల్యాబులో అది నెలకు 1,900 యూనిట్లు దాటుతుంది. ఒక టిక్కు వెతకడానికి పట్టే పది నిమిషాల సోమరితనానికి ఇది పెద్ద జరిమానా. అయినా ఈ ఆక్షేపణ చేసేవాళ్లను తప్పుపట్టలేం. నమ్మలేని నిద్రను ఎవరూ వాడరు. ఐరోపా నిబంధన ప్రకారం అర వాట్ ఆదా చేసిన పరికరం, నమ్మకం పోగొట్టుకుని రాత్రంతా మెలకువగా ఉంటే ఆ ఆదా ఏమైనట్టు?

మరి అందరికీ ముందే అనుమతి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటే, దానికి ఎదురుగా ఇంకో ఫిర్యాదు నిలబడి ఉంది. అర్ధరాత్రి ఎవరూ తాకకుండానే లేచే కంప్యూటర్లు, సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ తనంతట తాను లేచి వేడెక్కి బ్యాటరీ ఖాళీ చేసుకోవడం. బల్ల కదిలినా సెన్సర్ చలించే మౌస్‌కు లేపే హక్కు ఇస్తే ఫ్యాను గాలికి కాగితం ఎగిరి తగిలినా యంత్రం లేస్తుంది. లేవకపోవడం, అక్కర్లేకుండా లేవడం ఒకే తక్కెడకు రెండు సిబ్బెలు. కొన్ని వ్యవస్థలు మౌస్‌కు అనుమతి ఇవ్వకుండా కీబోర్డుకే ఇవ్వడంలో ఈ జాగ్రత్త ఉంది, మీట నొక్కడం ఉద్దేశంతో చేసే పని కాబట్టి. అందువల్ల ఈ సమస్యకు అందరికీ సరిపోయే ఒకే అమరిక ఉండదు. తప్పు అనుమతి ఇవ్వకపోవడంలో లేదు. ఇవ్వలేదన్న సంగతి వాడేవాళ్లకు కనిపించకపోవడంలో ఉంది.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇక్కడికి వచ్చేసరికి మెత్తబడుతుంది గానీ మాయం కాదు. అయిదుగురు సంతకాలు పెట్టే పత్రంలో ఎవరి సంతకం లేదో ఆ అయిదుగురిలో ఎవరూ చెప్పరు. కీబోర్డు తయారీదారు బోర్డును చూపిస్తాడు, బోర్డువాడు విండోస్‌ను చూపిస్తాడు, సాఫ్ట్‌వేర్‌వాడు డ్రైవర్‌ను చూపిస్తాడు. వాడుకరి మధ్యలో నిలబడి నల్ల తెర చూస్తుంటాడు. మదర్‌బోర్డు పుస్తకంలో ఏ పోర్టు ఎంత వేగమో రంగు రంగుల పటంతో చూపిస్తారు. ఏ పోర్టు ఏ మెట్టు నిద్ర నుంచి లేపగలదో చెప్పే ఒక్క పట్టిక చాలాసార్లు ఉండదు. ఆ సమాచారం లేక కాదు. ఫర్మ్‌వేర్‌లో ప్రతి కంట్రోలర్ పక్కనా అది రాసే ఉంది, యంత్రం రోజూ పడుకునే ముందు దాన్ని చదువుతూనే ఉంది. యంత్రానికి రాసిచ్చిన ఆ పట్టికనే కాగితం మీద మనిషికీ అచ్చువేసి ఇస్తే ఈ వ్యాసంలో చెప్పిన వెతుకులాటలో సగం అవసరం ఉండదు. అంతవరకు కొత్త కంప్యూటర్ కొనేటప్పుడు వేగం, ర్యామ్ అడిగిన తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగడం మంచిది: ఇందులో ఏ పోర్టు, ఏ నిద్ర నుంచి లేపుతుంది? కొట్టువాడి దగ్గర జవాబు లేకపోతే అక్కడే ఒకసారి పడుకోబెట్టించి, మన చేత్తోనే మీట నొక్కి చూసుకుని తెచ్చుకోవాలి.